తిన్నారా అని అడిగిన పాపానికి

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఈ వ్యవహారంలో నేను చాలామంది మీద కేకలేశాను. తీరా చూస్తే తప్పు నాదేనని తేలింది. పూర్తిగా నాదేనా అంటే, ఏమో, అది ఇప్పటికీ తేలలేదు.

ఎచ్చెర్ల దగ్గర ఒక కాలేజీలో ఏళ్ళ తరబడి గణాంకశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. రిటైరైన ఆడమనిషి ఖాళీగా కనిపిస్తే చాలు, చుట్టాలకి పెళ్ళి సంబంధాలు గుర్తొస్తాయి, చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శి పదవి ఖాళీ అవుతుంది. ఆ రెండిటినీ తప్పించుకోవడానికి విదేశీ సంస్థలకు మూల్యాంకనం చేసిపెట్టే పని ఒప్పుకున్నాను. పేరు పెద్దదే గానీ పని చిన్నది. డబ్బున్న దేశం ఒకటి, యుద్ధంలో చితికిపోయిన దేశానికి ఏదో సాయం చేస్తుంది. ఆ సాయం అందిందా, అక్కరకొచ్చిందా, లేక కొత్త గొడవ తెచ్చిపెట్టిందా అని అటూ ఇటూ కాని మూడో మనిషి చూసి చెప్పాలి. ఆ మూడో మనిషిని నేను.

అది ఏ దేశమో చెప్పను. చెప్పనని కాగితం మీద సంతకం పెట్టాను. మనకంటే మూడు గంటలు వెనక ఉంటుంది, అంతవరకు చాలు. అక్కడ ఒక కొండ కింద పైవాడ, దిగువవాడ అని రెండు వాడలున్నాయి. యుద్ధంలో పైవాడ ఒక పక్షం, దిగువవాడ రెండో పక్షం. దిగువవాడ వాళ్ళు ఇళ్ళొదిలి పారిపోయి, చాలా ఏళ్ళు శిబిరంలో ఉండి, శాంతి వచ్చాక తిరిగొచ్చారు. ఎవరు ఎవరి ఇల్లు తగలబెట్టారో రెండు వాడల వాళ్ళకీ తెలుసు. సాయం చేసే సంస్థ బాగా ఆలోచించి, రెండు వాడలకీ సరిగ్గా మధ్యలో ఒకే ఒక్క పిండిమర పెట్టించింది. పిండి కావాలంటే ఎవరైనా అక్కడికే రావాలి, వస్తే పక్కపక్కన నిలబడాలి, నిలబడితే ఎప్పటికైనా మాటలు కలుస్తాయి కదా అని. మాటలు కలిశాయా లేదా అన్నది నేను తేల్చాలి.

నిజానికి నేను అక్కడికి వెళ్ళాల్సింది. దారిలో మందుపాతరలు ఇంకా పూర్తిగా తీయలేదని బీమావాళ్ళు ఒప్పుకోలేదు. ఇంట్లోంచే ఫోనులో చేసెయ్యండి అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఊరు చూడకుండా, మనిషి ముఖం చూడకుండా నమ్మకాన్ని ఎలా కొలుస్తారు? మా అమ్మ మాత్రం ఆ మాట వినగానే దణ్ణం పెట్టేసుకుంది.

"బతికిపోనావే. దేవుడే ఆపినాడు. ఇక్కడే కూకొని సేసుకో. టీ నానెడతాను."

మా అమ్మకి ఎనభై దాటాయి. పాతపట్నం వైపు మనిషి. మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసి నన్ను చదివించింది. ఇప్పుడు అరసవల్లిలో మేమిద్దరమే ఉంటాం. ఆదివారం సూర్యుడి గుడికి వెళ్ళే ఆటోల మోతకి ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినపడదు, ఆ రద్దీలోంచే మేము చర్చికి వెళ్ళొస్తాం. అందుకని ఆదివారం తప్ప మిగతా రోజుల్లో ఫోన్లు పెట్టుకున్నాను.

అక్కడ నా తరఫున ఇంటింటికీ ఫోను పట్టుకు తిరిగే ఆవిడ ఒకప్పటి బడి పంతులమ్మ. నాకంటే పదేళ్ళు చిన్న. భర్త యుద్ధంలో పోయాడు. దిగువవాడలోనే పుట్టింది, అక్కడే ఉంటోంది, అయినా పంతులమ్మ కాబట్టి పైవాడ వాళ్ళూ గడప ఎక్కనిస్తారు. మా ఇద్దరి మధ్యా ఇంగ్లీషే. రెండో రోజుకే నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది, నేను చెల్లీ అన్నాను. మొదటిరోజు మాత్రం చాలా కటువుగా చెప్పాను.

"చూడమ్మా, నేనన్న ప్రతి ముక్కా వాళ్ళకు చెప్పు. వాళ్ళన్న ప్రతి ముక్కా నాకు చెప్పు, కాగితం మీద రాయి. నీ సొంతం ఏదీ కలపకు. ఒక్క మాట కూడా మింగకు."

"సరే మేడం," అంది. ఎంత సరేనో తర్వాత తెలిసింది.

మొదటి ఫోను దిగువవాడలో ఒక ఇంటికి. అక్కడ ఉదయం ఎనిమిది, ఇక్కడ పదకొండు. ఫోను స్పీకర్లో పెట్టారు. కోడి అరుపు, పిల్లాడి ఏడుపు, దగ్గు. ఎదురుగా మనిషి ఉందని తెలుస్తోంది, కనబడదు. నాకు భయం వేసింది. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు. నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"ఏమమ్మా, తిన్నారా?" అన్నాను.

మా వైపు ఎవరికి ఫోను చేసినా మొదటి మాట అదే. బాగున్నారా అని కూడా అడగం. అన్నం తిన్నావేటి? అప్పు కోసం చేసినా అదే, చావు కబురు చెప్పడానికి చేసినా అదే. అవతలివాళ్ళు తిన్నాం అంటారు, తినకపోయినా అంటారు. లేదా ఇంకా లేదు అంటారు, అంటే వంట పొయ్యి మీద ఉందని. ఆ జవాబు చెవిన వేసుకునేవాళ్ళు ఎవరూ లేరు. గొంతు విన్నాం, మనిషి ఉన్నాడు, ఇక పని మాట్లాడుకోవచ్చు. అంతే.

చెల్లి నా మాట వాళ్ళ భాషలో చెప్పింది. తర్వాత ఆవిడ ఏదో అంది.

"తినలేదంటోంది," అంది చెల్లి.

అక్కడ ఇంకా పొద్దున్నే కదా, వంట కాలేదేమో అనుకున్నాను. "అయ్యో, సరే సరే, ఆలస్యం చెయ్యను," అని సంస్థవాళ్ళిచ్చిన ప్రశ్నల పట్టికలో మొదటి ప్రశ్నలోకి దిగిపోయాను. మరకు వారంలో ఎన్నిసార్లు వెళ్తారు? అవతలి వాడవాళ్ళు పలకరిస్తారా? మీ బుట్ట వాళ్ళ దగ్గర వదిలి కాసేపు పక్కకు వెళ్ళగలరా? ఈ ఆఖరి ప్రశ్న నేనే తయారుచేశాను. దాన్ని చూసుకుని చాలా మురిసిపోయాను కూడా.

అలా దిగువవాడ అంతా తిరిగాం. అందరినీ ముందు తిన్నారా అన్నాను, అందరూ లేదనే అన్నారు. తర్వాత పైవాడ. అక్కడ అందరూ తిన్నామన్నారు. కొందరైతే మీరు తిన్నారా అని తిరిగి అడిగారు కూడా. నాకు మా ఊరివాళ్ళతో మాట్లాడినట్టే అనిపించి ప్రాణం లేచొచ్చింది. పైవాడ వాళ్ళు పెందలాడే వండుకుంటారు, దిగువవాడ వాళ్ళు ఆలస్యంగా లేస్తారు అనుకున్నాను. పాతికేళ్ళకు పైగా పిల్లలకి గణాంకాలు చెప్పిన దాన్ని! ఒక వాడంతా లేదంటే, ఇంకో వాడంతా అవునంటే, ఎందుకని ఒక్కసారి ఆగి ఆలోచించాలా వద్దా? ఆలోచించలేదు. నాకు అది ప్రశ్నే కాదు మరి.

చెల్లికి అది ప్రశ్నే. ప్రతి ముక్కా రాయమన్నాను కదా. కాగితం పైభాగంలో ఇతర వివరాలు అని ఖాళీ చోటు ఉంటుంది. ముత్యాల్లాంటి అక్షరాలతో ప్రతి ఇంటికీ రాసుకుంటూ పోయింది. తిన్నారా: లేదు. తిన్నారా: అవును.

రెండు వారాలకి ఆ విదేశీ సంస్థ ఆఫీసరు వీడియోలోకి వచ్చాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు, ఎప్పుడూ నవ్వుముఖమే. నన్ను చూడగానే చేతులు జోడించాడు, ఎక్కడ నేర్చుకున్నాడో.

"మేడం, మీరు పట్టికలో లేని ప్రశ్నతో మొదలుపెట్టడం గొప్ప ఆలోచన. మర గురించి అడిగేముందు ఆకలి గురించి అడిగారు. ఇంత సూటిగా అడగాలని మాకెవరికీ తట్టలేదు."

నాకు మొదట బుర్రకెక్కలేదు. నేనెప్పుడు ఆకలి గురించి అడిగాను? అప్పుడు తెర మీద కాగితం చూపించాడు. చెల్లి సంస్థకు పంపిన రాతలన్నీ ఎవరో పోగుచేసి కొత్త గడి ఒకటి తయారుచేశారు. ఇవాళ తిన్నారా అని పైన పేరు. కింద సగం ఎరుపు, సగం ఆకుపచ్చ.

"దిగువవాడకి ధాన్యం మంజూరైంది. లారీలు బయల్దేరుతున్నాయి. ఇది మీ చలవే," అన్నాడు.

అక్కడే చెప్పాల్సింది. బాబూ, అది ప్రశ్న కాదు, మా ఇంటి పలకరింపు అని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. ఎందుకు అనలేదని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఒకటి, పొగిడాడు. పొగిడితే నేను ఇట్టే కరిగిపోతాను, కోపిష్టి వాళ్ళందరికీ ఈ జబ్బు ఉంటుందనుకుంటాను. రెండు, తినలేదన్న వాళ్ళకి తిండి వెళ్తోంది కదా, ఇందులో చెడు ఏముంది అనిపించింది. థాంక్యూ అన్నాను. ఆ థాంక్యూ తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆ తర్వాత ఎనిమిదో రోజున చెల్లి ఫోను చేసింది. మామూలుగా నేను చేస్తాను, ఆమె చేయదు.

"అక్కా, పైవాడ వాళ్ళు మరకు రావడం మానేశారు. దారికి అడ్డంగా ముళ్ళకంప వేశారు. నిన్న నేను పిండి తెస్తుంటే ఒకావిడ నా నెత్తిమీది బుట్ట లాగి పారబోసింది. మీవాళ్ళు ఆ ఫోనులో మనిషికి ఏం చెప్పి ధాన్యం తెచ్చుకున్నారు అని అడిగింది. ఆవిడ పిల్లలు నా బడిలోనే చదివారు. నేనే అక్షరాలు దిద్దించాను."

"నువ్వేమన్నావు?"

"నువ్వు అడిగిందే నేను అడిగానని చెప్పాను. మరి మాకెందుకు రాలేదంది. మీరు తిన్నామన్నారు కదా అన్నాను. అప్పుడు కొట్టడానికి వచ్చింది."

ఫోను పెట్టేశాక పట్టిక ముందేసుకున్నాను. మూల్యాంకనం పట్టికలో ఒక గడి ఉంటుంది, ఈ సాయం వల్ల ఎవరికైనా కీడు జరిగిందా అని. దాన్ని నింపడానికే నాకు జీతం. ఇప్పుడు ఆ గడిలో రాయాల్సింది నా గురించే.

అమ్మ వసారాలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నా ముఖం చూసి ఏటయిందే అంది. మొదట్నుంచీ చెప్పాను. పిండిమర, ముళ్ళకంప, పారబోసిన బుట్ట, అన్నీ. చెబుతూ చెబుతూ దిగువవాడ మీద కోపం తెచ్చుకున్నాను. తినలేదని అందరూ ఒక్కలాగే ఎలా అంటారు, ఎవరో ఎక్కించి ఉంటారు అన్నాను.

"ఆళ్ళనేటికే తిడతావు?" అంది అమ్మ. "శిబిరంలో అన్నేళ్ళు ఉన్నారు గదేటి. అక్కడ తిన్నారా అని అడిగినోడి సేతిలో సిట్టా ఉంటాది. లేదంటేనే పేరు రాస్తాడు. ఆళ్ళకి ఆ మాట అలగే ఇనిపిస్తాది."

"అయితే పైవాడ వాళ్ళు నిజంగా తిన్నారన్నమాట."

అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టేసింది.

"నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు తుపానొచ్చి మా ఇల్లు ఎగిరిపోనాది. మిషను దొరసాని గుడారం ఏసి, ఇంటింటికీ మనిసిని పంపింది. తిన్నారేటి అని అడిగితే మా అమ్మ తిన్నామని సెప్పీసింది. మూడు దినాలు సోడంబలి నీళ్ళే తాగినాం. పక్కీధోళ్ళు తిన్లేదన్నారు, ఆళ్ళకి బియ్యం వొచ్చినాయి."

ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. "మరి అమ్మమ్మ అలా ఎందుకు చెప్పింది?"

"ఎందుకేటి? గుమ్మంలోకి వొచ్చిన మనిసి ఎదర తిన్లేదని ఎలగ సెప్తాదే? సిగ్గు కాదేటి?" అంటూ అమ్మ నా మీద గయ్యిమంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ అడిగినవాళ్ళ మీదే కోపం, అబద్ధం చెప్పిన తల్లి మీద కాదు.

అప్పుడు నా లెక్కంతా తిరగబడింది. పైవాడ వాళ్ళు మా అమ్మమ్మలాంటి వాళ్ళే అయితే, తిన్నామన్న వాడలోనే ఆకలి ఉండవచ్చు. కాకపోతే నిజంగా తినే ఉండవచ్చు. దిగువవాడ వాళ్ళు శిబిరం అలవాటుతో అన్నారేమో, లేక నిజంగానే పస్తులేమో. నా చేతిలో రెండు వాడల జవాబులున్నాయి, ఒక్కదానికీ అర్థం తెలియదు. మళ్ళీ అడుగుదామంటే ఎలా అడగను? ఇప్పుడు తిన్నారా అంటే లారీ వస్తుందని రెండు వాడలకీ తెలుసు.

మర్నాడు చెల్లికే ఫోను చేసి బతిమాలాను. "నువ్వు అక్కడే ఉన్నావు, కళ్ళతో చూశావు. నిజం చెప్పు, ఎవరికి తిండి లేదు?"

"అక్కా, నేను దిగువవాడ దాన్ని. నేనేం చెప్పినా మావాళ్ళ కోసం చెప్పినట్టే ఉంటుంది. ఆ రోజు నేను తిన్నాను. మా పక్కింటావిడ తినలేదంది. కానీ ఆవిడ పొయ్యిలోంచి పొగ వస్తోంది. పొయ్యి మీద ఏముందో నేను మూత తీసి చూడలేదు. పైవాడలో అందరూ తిన్నామన్నారు, ఒక్క ఇంట్లో కూడా పొగ లేదు. పొద్దున్నే వండేసుకుని ఆర్పేశారేమో. అదీ నేను చూడలేదు."

"మరి ఇవన్నీ కాగితం మీద ఎందుకు రాయలేదు?" అని అరిచాను.

"నా సొంతం కలపొద్దన్నావు కదా," అంది.

మూడు రోజులు ఆఫీసరుకి ఉత్తరం రాసి కొట్టేశాను, రాసి కొట్టేశాను. నిజం చెబితే దిగువవాడ ధాన్యం ఆపేస్తారేమో. చెప్పకపోతే ముళ్ళకంప అక్కడే ఉంటుంది, రేపు బుట్టతో ఆగదు, ఆ ఊళ్ళో గొడవ అంటే ఎక్కడిదాకా పోతుందో అందరికీ తెలుసు. రెండు రకాలుగానూ పోయేది వాళ్ళ కూడే, వాళ్ళ ప్రాణమే. నాది కాదు. నేను ఫ్యాను కింద కూర్చుని ఉత్తరం దిద్దుకుంటున్నాను.

అమ్మ టీ తెచ్చి పక్కన పెట్టి అడిగింది, "ఇంకా అవలేదేటి?"

"ఏం రాయమంటావు?"

"తప్పు సేసినానని రాసీ. అది మంచిదే. గానీ నోటికాడ కూడు తీసీకండని కూడా రాయి. గట్టిగా రాయి, నీకు కోపమొచ్చినట్టు రాయి."

అలాగే రాశాను. నేను అడిగింది కొలతకు పనికొచ్చే ప్రశ్న కాదనీ, మా ప్రాంతంలో మనిషిని పలకరించే పద్ధతి అనీ, ఆ గడిని తీసేయాలనీ రాశాను. తప్పు పూర్తిగా నాదనీ, చెల్లిది ఒక్క అక్షరం కూడా తప్పులేదనీ రాశాను. మళ్ళీ సరిగ్గా కనుక్కునేదాకా దిగువవాడకి ధాన్యం ఆపవద్దు, పైవాడకీ ఇవ్వండి అని వేరే పేరాలో, కింద గీత గీసి రాశాను. పంపేశాక ఎన్నాళ్ళకో కంటినిండా నిద్రపట్టింది. నిజాయితీగా ఉంటే అంతా సర్దుకుంటుందని నాకు చిన్నప్పటి నుంచీ సండేస్కూల్లో నేర్పారు.

నాలుగో రోజు జవాబొచ్చింది. నా నిజాయితీకి కృతజ్ఞతలట. ఇలాంటి పారదర్శకత చాలా అరుదట. సమాచారం నమ్మదగినది కాదని నేనే ధ్రువీకరించాను కాబట్టి దిగువవాడ ధాన్యాన్ని తాత్కాలికంగా నిలిపివేశారట. పైవాడ సంగతి కొత్త సర్వే తర్వాత పరిశీలిస్తారట. ఈలోగా నా నివేదిక గడువు లోపల పంపమన్నారు.

గీత గీసిన పేరా గురించి ఒక్క మాట లేదు.

ఆఫీసరుకి ఫోను చేసి నోటికొచ్చినట్టు అరిచాను. అతను ఓపిగ్గా అంతా విన్నాడు. చివరికి, "మేడం, ఆ జవాబులు నమ్మవద్దని చెప్పింది మీరే కదా," అన్నాడు. వ్యంగ్యం కాదు, నిజంగానే అర్థంకాక అడుగుతున్నాడు. అతను చెడ్డవాడైతే నాకు ఎంతో హాయిగా ఉండేది.

"ఓలమ్మో, ఉన్నదీ ఊడగొట్టినావేటే," అంది అమ్మ. రాయమన్నది తనే అని గుర్తుచేయబోయి మానేశాను.

చెల్లికి ఫోను చేయడానికి ధైర్యం చాలలేదు. రెండు వారాలు ఊరుకున్నాను. నివేదిక ముందు పెట్టుకుని, రెండు వాడల మధ్య నమ్మకం పెరిగిందా అన్న ఆఖరి గడి దగ్గర ఆగిపోయేదాన్ని. చివరికి ఆమే చేసింది. శనివారం, అక్కడ మధ్యాహ్నం. అమ్మ కూడా వచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, ముళ్ళకంప తీసేశారు."

"ఏమిటి? రాజీ పడ్డారా?"

"ధాన్యం ఆగిపోయింది కదా. ఇప్పుడు ఎవరికీ లేదు. పైవాడ ఆడవాళ్ళూ మావాళ్ళూ మళ్ళీ మర దగ్గర ఒకే వరసలో కూర్చుంటున్నారు. మరలో వేయడానికి తలా ఒక దోసెడు, అంతకంటే లేదు. అప్పుడు నా బుట్ట పారబోసినావిడే నిన్న పక్కకు జరిగి చోటిచ్చింది. తన బుట్ట నాకు అప్పజెప్పి నీళ్ళకు వెళ్ళొచ్చింది. నీ పట్టికలో బుట్ట ప్రశ్న ఉంది కదా. అవును అని నింపుకో."

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. నేను ఏరి కోరి తయారుచేసిన ప్రశ్న. దానికి అచ్చం నేను కోరుకున్న జవాబు. నమ్మకం పెరిగిందని రాస్తే అది నిజమే. పిండిమర పథకం ఫలించిందని రాస్తే, ఏమో, అదీ అబద్ధం కాదు. బుట్టలో ఏముందని మాత్రం పట్టికలో ఎక్కడా అడగలేదు.

"చెల్లీ, నా మీద నీకు కోపం లేదా?"

"ఉంది," అంది వెంటనే. "కానీ ఇప్పుడు దానికి టైము లేదు. సోమవారం కొత్తవాళ్ళు వస్తున్నారు. ఇంటింటికీ తిరుగుతారట. తిన్నారా అన్నది ఇప్పుడు వాళ్ళ పట్టికలో మొదటి ప్రశ్న. రెండు వాడల ఆడవాళ్ళూ కలిసి నీకు ఫోను చేయమన్నారు. ఏం చెప్పాలో నిన్నే అడగమన్నారు. తిన్నామనాలా, తినలేదనాలా?"

పాతికేళ్ళు క్లాసులో చెప్పిన మాట ఒక్కటే. అడిగేవాడు అవతలి మనిషి నోట్లో జవాబు పెట్టకూడదు. పెడితే ఆ సర్వే చెత్తబుట్టకే. పరీక్షలో ఆ ప్రశ్న ప్రతి ఏడూ ఇచ్చేదాన్ని, తప్పు రాసిన పిల్లల్ని తిట్టేదాన్ని. ఇక్కడైతే ఆ నియమం కింద సంతకం కూడా పెట్టాను. అమ్మ వైపు చూశాను. ఆవిడకి ఇంగ్లీషు రాదు, అయినా కళ్ళార్పకుండా నన్నే చూస్తోంది.

"తినలేదని చెప్పండి," అన్నాను. "రెండు వాడలూ. ప్రతి ఇల్లూ."

"తిన్నవాళ్ళు కూడానా?"

"తిన్నవాళ్ళు కూడా."

చెల్లి వెంటనే ఆ మాటని గట్టిగా వాళ్ళ భాషలో చెప్పింది. అవతల ఒక్కసారిగా బోలెడు గొంతులు లేచాయి. ఆమె ఒంటరిగా లేదని, మర దగ్గరే అందరి మధ్యా నిలబడి మాట్లాడుతోందని నాకప్పుడు తెలిసింది. ఎవరో నవ్వారు, ఎవరో గట్టిగా వాదిస్తున్నారు. కాసేపటికి అన్నీ సద్దుమణిగి ఒక పెద్దావిడ గొంతు ఒక్కటే మిగిలింది.

"ఏమంటోంది?" అన్నాను.

"పైవాడ ఆవిడ. బయటి మనిషి ముఖం మీద తినలేదని చెప్పడం తనకు చేతకాదంటోంది. పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ అనలేదట."

"నన్ను బయటి మనిషి అనుకుని ఒక్కసారి అనమను. నేను వింటాను."

ఆవిడ గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత మెల్లగా ఏదో అంది. ఆ భాష నాకు రాదు. చెల్లి కోసం ఎదురుచూశాను.

"ఆవిడ మళ్ళీ తిన్నామనే అంది, అక్కా."

"ఇంకోసారి చెప్పించు," అన్నాను.